టిల్ట్ పీకేసిన మిషన్

గండికోట చూడటానికి వచ్చేవాళ్ళ కోసం మా ఆయన మనోహర్ జమ్మలమడుగు దారిలో లాడ్జి పెట్టాడు. హాల్లో అలంకారంగా ఉంటుందని, బెంగళూరులో మూతపడిన క్లబ్బు నుంచి పాత పిన్‌బాల్ మిషన్ తెచ్చాడు. తెచ్చింది ఆయన, ఆడటం నేర్చుకున్నది నేను.

స్ప్రింగు లాగి వదిలితే ఇనప గోళీ పైకెగిరి, వాలుగా ఉన్న బల్ల మీద దొర్లుతూ కిందికొస్తుంది. పైభాగంలో పుట్టగొడుగుల్లా మూడు బంపర్లు. గోళీ తగలగానే తన్ని పంపుతాయి, తన్నినప్పుడల్లా వంద పాయింట్లు. మధ్యలో నిలబడ్డ ఐదు రేకుల్నీ పడగొడితే బంపర్లు వెలుగుతాయి, అప్పుడు వంద కాస్తా వెయ్యి అవుతుంది. గోళీ కింది సందులో పడిపోకుండా బొత్తాం నొక్కితే లేచే రెండు ఫ్లిప్పర్లతో కొడుతూ ఉండాలి. పక్కదారిలోకి జారితే ఫ్లిప్పర్లూ ఏం చేయలేవు. అందుకే మిషన్ను కాస్త తట్టొచ్చు. మరీ ఊపితే మాత్రం లోపల వేలాడే చిన్న గుండు, దాని చుట్టూ ఉన్న కడియానికి తగులుతుంది. దాన్నే టిల్ట్ అంటారు. దీపాలు ఆరి, ఫ్లిప్పర్లు చచ్చుబడి, ఆ గోళీ పోతుంది.

ఎంతవరకు తట్టొచ్చో నా చేతులకు తెలియడానికి ఏడాది పట్టింది. గోడ మీది పలకలో అందరికంటే పైన నా పేరే: మాధవి, 61,400. లాడ్జి ఆయన పేరు మీద, స్థలం మా మామగారి పేరు మీద. అక్కడ నాదంటూ కనిపించేది ఆ ఒక్క వరుసే.

ఆదివారం మా ఆయన మేనమామ వీరనారాయణ వేముల ఊరి నుంచి నలుగురిని వెంటేసుకుని దిగాడు. పలక చూసి నవ్వాడు.

"ఆడమనిషి పేరు పైనుండేదేందిరా? జరుగు, నేనాడతా."

రెండు చేతులా మిషన్ పట్టుకుని, మొండికేసిన ఎద్దును లాగినట్టు ఊపాడు. టిల్ట్. మళ్ళీ ఊపాడు. మళ్ళీ టిల్ట్. ఆటకు ఐదు గోళీలు. ఐదూ అట్లాగే పోయాయి.

"ఇది చెడిపోయుండాది రా మనోహరూ."

చెడిపోలేదని మా ఆయనకు తెలుసు. "అవు మామా, శానా పాతది. ఇప్పుడే సరిచేస్తా," అని స్క్రూడ్రైవరు తెచ్చి, గుండు విప్పి జేబులో వేసుకున్నాడు. నా కళ్ళ ముందే.

"ఇంగ దాంట్లో ఆటేముంటాది?" అన్నాను.

"నువ్వు గమ్మునుండు. పెద్దాయన సరదాపడతాండాడు."

పెద్దాయన గుద్ది గుద్ది రేకులన్నీ పడగొట్టాడు. బంపర్లు వెలిగాక మిషన్ ముందుకాళ్ళు ఏకంగా పైకెత్తి, తొడకు ఆనించుకున్నాడు. గోళీ కిందికి రానే లేదు. బంపర్ల మధ్యే కొట్టుకుంటూ ఉంది, పాయింట్ల గంట మోగుతూనే ఉంది. ఆయన మెడ మీది చెమట మిషన్ పైనున్న అద్దం మీద కారుతోంది. వెంటొచ్చినవాళ్ళు చప్పట్లు కొడుతున్నారు, వాళ్ళకంటే గట్టిగా మా ఆయన. అంత అసహ్యం నాకు ఎప్పుడూ వేయలేదు.

నేను తప్ప ఒక్కరూ అంకెల వైపు చూడలేదు. పాత మిషన్, అంకెల చక్రాలు ఐదే. లక్ష దాటితే మళ్ళీ సున్నాల నుంచి మొదలు. అట్లాగే మొదలయ్యాయి. తొడ నొప్పి పుట్టి ఆయన మిషన్ దించేసరికి గోళీ నేరుగా సందులో పడింది. అంకెలు 00,300 దగ్గర ఆగాయి.

"ఒక్క గోళీకే ఇంత. చాల్లే," అంటూ సుద్దముక్క నా చేతిలో పెట్టాడు. "ఎంతొచ్చిందో రాయమ్మా."

చూసింది చూసినట్టు రాశాను. పలకలో అందరికంటే కింద: వీరనారాయణ, 300.

చప్పట్లు ఆగిపోయాయి. మామ ముఖం నల్లబడింది.

"లక్ష దాటి అంకెలు మళ్ళా మొదలైంటాయి కదే," అన్నాడు మా ఆయన.

"మిషన్ ఎంత చూపిస్తే అంత రాసినా."

మా ఆయన తన చొక్కా చేతితోనే పలక తుడిచాడు. కింది వరుసతో ఆగలేదు, పైనున్న నా పేరూ తుడిచేశాడు. అక్కడ వీరనారాయణ, ఒక లక్ష అని పెద్దక్షరాలతో రాసి, "తప్పైంది మామా, దానికి తెలీదు," అన్నాడు.

సాయంత్రం ఆ చొక్కా విప్పి ఉతకమని నా ముందు పడేశాడు. చేతి మీద సుద్ద మరక తెల్లగా ఉంది. జేబులోంచి గుండు తీసుకుని, చొక్కాను అక్కడే వదిలేసి, స్క్రూడ్రైవరు పట్టుకుని హాల్లోకి నడిచాను. వచ్చే ఆదివారం మామ మళ్ళీ వస్తానన్నాడు.