కలివిపండ్ల కేకు

పెద్దముడియంలో ఓబుళరెడ్డికి ఊరందరి పనీ తన పనే, ఒక్క ఇంటి పని తప్ప. పంచాయతీ మెంబరైన ఈ రెండేళ్ళలో ఆయన ఎవరికి ఏం మాటిచ్చి వచ్చినా దాన్ని చెల్లించేది మాత్రం భార్య వెంకటమ్మే. ఆ ఆషాఢమాసపు బుధవారం మధ్యాహ్నం కూడా సంగటి ముద్ద చిదుముతూ, అదేమంత విషయం కాదన్నట్టు చెప్పాడు.

"రేపు పదకొండు గంటలకు జిల్లా ఆఫీసర్లు జీపులో వస్తాండారు మే. గ్రామసేవికమ్మ మన పెరట్లో వాళ్ళకు కేకు జేసి చూపిస్తాదంట. సరే అని చెప్పినా."

"కేకా? అదేంది?"

"ఏందో తియ్యటి రొట్టె అంట. కలివిపండ్లతో చేస్తాదంట. ఊర్లో అంత పెద్ద కలివి పొద ఇంకెవురింట్లో ఉండాది? నువ్వు కోసిపెడతావని చెప్పినా."

"నన్నొక మాట అడిగినావా?"

"అడిగేదానికేముండాది? పండ్లే కదా!"

వెంకటమ్మకు ఒళ్ళు మండింది. ఆ పొదకు పండుకొక ముల్లు. పచ్చికాయ తెగిందంటే పాలు కారి, వేళ్ళు ఒకదానికొకటి అంటుకుంటాయి. నల్లగా మాగిన పండ్లన్నీ పిట్టలకు అందకుండా పొద నడుమనే దాక్కుంటాయి. అయినా తెల్లవారకముందే లేచి, చేతికి పాత గుడ్డ చుట్టుకుని పొదలో దూరింది. ఓబుళరెడ్డి గట్టు మీద నిలబడి వేపపుల్ల నములుతూ ఆమెకు దారి చూపించాడు.

"ఆ కొమ్మన శానా ఉండాయి చూడు. అది కాదుమే, ఆ పైది."

"కండ్లు నాకూ ఉండాయిలే," అంది వెంకటమ్మ, మోచేతికి దిగిన ముల్లు పీక్కుంటూ.

ఏడు గంటలకు గ్రామసేవిక హైమవతి వచ్చింది. ఇరవై రెండేళ్ళ పిల్ల. తెనాలి నుంచి ఈ ఉద్యోగానికి వచ్చి రెండు నెలలైంది. ఒక చేతిలో పుస్తకం, ఇంకో చేతిలో కిరసనాయిలు డబ్బా. ఆ డబ్బాకు పక్కన తలుపు కోయించి, లోపల ఇసుక పోయించి, "ఇది ఓవెన్ అండీ, వెంకటమ్మగారూ," అంది గర్వంగా.

"దాన్ని కడిగినావా తల్లీ?"

"మూడుసార్లు బూడిదతో తోమించానండీ."

మూడుసార్లు కాదు, ముప్పైసార్లు తోమించినా ఆ వాసన పోయేది కాదు. వెంకటమ్మ ముక్కు పక్కకు తిప్పుకుని, గింజలు తీసిన పండ్లు, బెల్లం, పిండి, గుడ్లు అందించింది. పక్కింటి జానీబీ గోడ మీద గడ్డం ఆనించి అంతా చూస్తూ ఉంది. ఏటా పీర్ల పండక్కి రొట్టెలు కాల్చడంలో ఆ వీధిలో ఆమె తర్వాతే ఎవరైనా.

"అమ్మీ, కింద ఒక్కటే నిప్పుంటే ఏం కాలుతాది? పైన గూడా పెట్టాల," అంది జానీబీ.

"పుస్తకంలో అలా లేదండీ," అంది హైమవతి.

గంటన్నర తర్వాత డబ్బా తెరిస్తే, కేకు అడుగు బొగ్గై ఉంది, నడుమ పచ్చిపిండి జారుతోంది, పైన కిరసనాయిలు వాసన కొడుతోంది. పెరట్లో కోడిపెట్ట కూడా దగ్గరికొచ్చి వెనక్కి పోయింది. హైమవతి అక్కడే చతికిలబడి ఏడవడం మొదలుపెట్టింది.

"ఈ ఉద్యోగం నా వల్ల కాదంటే మా నాన్నగారు వినలేదండీ..."

వెంకటమ్మకు జాలి కంటే ముందు విసుగొచ్చింది. ఇంట్లో ఒకరు సరిపోలేదని, ఈ పిల్లను కూడా తనే మోయాలా?

"లేయమ్మా లే. ఏడ్చేదానికి టైము లేదు. జానీబీ అక్కా, ఆ గోడ మీద ఎంతసేపు వేలాడతావు? నీ తపేలా ఎత్తుకోని రా!"

ఆ పిలుపు కోసమే చూస్తున్నదానిలా జానీబీ కళాయి పూసిన రాగి తపేలాతో వచ్చేసింది. రవ్వ, బెల్లం, నెయ్యి, పాలు కలిపారు. పండ్లు మాత్రం చాలలేదు. అప్పుడే ఓబుళరెడ్డి ఆఫీసర్ల కోసం చలువ పంచె కట్టుకుని బయటికొచ్చాడు. వెంకటమ్మ గంప తీసి ఆయన చేతికిచ్చింది.

"మాటిచ్చింది నువ్వు. కొయ్యి."

"నేనా? ఈ పంచెతోనా?"

"కొయ్యకపోతే ఆఫీసర్లకు ఆ బొగ్గు పెడతా."

ఆయన పొదలో దూరాడు. "అబ్బా", "అమ్మా" అనే మాటలు తప్ప అరగంటసేపు ఆయన జాడ లేదు. బయటపడేటప్పటికి గంప సగం నిండింది, పంచె నిండా ఊదా మరకలు.

తపేలా నిప్పుల మీద పెట్టి, మూత మీద కూడా నిప్పులు పోసిన కాసేపటికే జీపు వచ్చింది. పెద్ద ఆఫీసరు నేరుగా డబ్బా దగ్గరికి పోయి, వంగి, తలుపు తీసి వేసి చూశాడు.

"బాగుంది! ప్రతి ఊళ్ళోనూ ఇలాంటిది ఉండాలి."

డబ్బా పక్కన హైమవతినీ, మరకల పంచెతో ఓబుళరెడ్డినీ నిలబెట్టి ఫోటో తీయించాడు.

"ఇంకా పావుగంట ఆగితే అయిపోతాది సామీ," అంది జానీబీ.

"జమ్మలమడుగులో భోజనం ఏర్పాటు చేశారమ్మా," అని ఆయన జీపెక్కాడు. జీపు లేపిన దుమ్ము తగ్గకముందే వెంకటమ్మ మూత తీసింది. రొట్టె పైన ఎర్రగా కాలింది, పండ్లు పగిలి రసం అంచుల్లో పాకమై బుడగలు కడుతోంది. ముగ్గురూ అక్కడే కూర్చుని వేళ్ళు కాలుతున్నా తిన్నారు. పులుపు, తీపి, నెయ్యి వాసన. హైమవతి మూడు ముక్కలు తినేసింది.

ఓబుళరెడ్డి మురిసిపోతూ వచ్చాడు. "ఆఫీసరుకు శానా నచ్చింది మే. నెలాఖరుకు చిలమకూరు ఆడోళ్ళను గూడా పిలుస్తామని చెప్పినా."

వెంకటమ్మ చెయ్యి కడుక్కుని లేచింది. "పిల్చుకో. ఆ పొద్దు నేను గండికోటకు, మా అక్కోళ్ళింటికి పోతాండా."

అన్నంత పనీ చేసింది. నెలాఖరున తెల్లవారకముందే బండి కట్టించుకుని వెళ్ళి, మర్నాడు పొద్దుగూకే వేళకు తిరిగొచ్చింది. చిలమకూరు వాళ్ళు వచ్చి తిని, మెచ్చుకుని వెళ్ళారట. హైమవతి పుస్తకం తెరవకుండా జానీబీ తపేలాలోనే చేసిందట. ఓబుళరెడ్డే నిప్పులు అందించాడట. వెంకటమ్మ వంటింట్లోకి పోయి చూస్తే, పండగలకని దాచిన నెయ్యి కుండ అడుగంటి ఉంది. గిన్నె కింద తన కోసం మూసిపెట్టిన ఒక ముక్క ఉంది.

తిట్టడానికి నోరు తెరిచి, ముందు ఆ ముక్క కొరికింది. అది తను చేసినదానికన్నా బాగుంది. దాంతో ఆమెకు ఒళ్ళు ఇంకాస్త మండింది.