సూది దించిన గది

తాళం తిప్పేముందు అన్నయ్య ఒక్క క్షణం కళ్ళు మూసుకుంటాడు. ఏళ్ల తరబడి అదే అలవాటు. ఊరు కొత్తది, లాడ్జి కొత్తది, చేతిలో తాళంచెవి కొత్తది. ఈసారైనా, అనుకుంటాడు. తలుపు తోస్తాడు. లోపల మళ్ళీ అదే గది.

గోడవారగా తనదీ చెల్లెలిదీ రెండు ఇనప మంచాలు. బీరువా అద్దం మూలన చెల్లెలు చిన్నప్పుడు అంటించిన పువ్వు బొమ్మ. కిటికీ తెరిస్తే, ఏ ఊళ్లో ఉన్నా సరే, పక్కింటి పిన్ని డాబా మీద ఆరేసిన దుప్పట్లే. కిటికీ కింద అమ్మ కుట్టుమిషను. మిషను మీద చిన్న లైటు, ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. సూది కింద సగం కుట్టిన లేత పసుపు గౌను. గదిలో ఎక్కడా నలుసంత దుమ్ము కనిపించదు.

సంచి మంచం కింద పెట్టి, కాళ్లూ చేతులూ కడుక్కుని, మొహం మీద తువ్వాలు కప్పుకుని పడుకుంటాడు. లైటు తువ్వాల్లోంచి కూడా కళ్ళలో పడుతుంది. దాని స్విచ్చి పనిచెయ్యదు, బల్బు ఊడిరాదు, పైన గుడ్డ కప్పితే జారిపోతుంది. కాసేపటికి లేచి కూర్చుంటాడు. అలా కూర్చునే తెల్లవారుస్తాడు. పొద్దున్నే ఆ ఊళ్లో దొరికిన పనికి పోతాడు. ఒకచోట హోటల్లో గిన్నెలు తోమాడు, ఒకచోట తోటలో పళ్ళు కోశాడు, ఒకచోట ఓడలోంచి బస్తాలు దించాడు. నాలుగు కునుకులు తీసేది బస్సు సీట్లలోనూ స్టేషను బెంచీల మీదా. అక్కడా ఎవరో ఒకరు తట్టి లేపేవాళ్లే. నిద్ర కోసం ఊరు మారతాడు, ఊరు మారితే మళ్ళీ అదే గది. మనిషి చిక్కి సగమయ్యాడు. ఈ మధ్య ఒకరోజు రోడ్డు దాటుతూ దాటుతూ నడిమధ్యలో నిలబడే నిద్రపోయాడు. లారీ డ్రైవరు దిగొచ్చి తిట్టిన తిట్లకు మెలకువ వచ్చింది. ఇంకోసారి డ్రైవరు చూసుకోకపోతే ఏమవుతుందో అన్నయ్యకు తెలుసు.

గది సంగతి ఎవరికీ వింత కాదు. ఇంట్లోంచి పారిపోయే కొడుకులు డబ్బో నగలో ఎత్తుకుపోతారు. ఈ మహానుభావుడు గదినే ఎత్తుకుపోయాడు. అమ్మ పోయిన నెల తిరక్కముందే ఒక పొద్దున సంచి భుజాన తగిలించుకుని, తలుపు దగ్గరగా లాగి, చెప్పాపెట్టకుండా వెళ్లిపోయాడు. నాన్న లేచి చూసేసరికి హాల్లో తలుపు ఉండాల్సినచోట ఉత్త గోడ ఉంది. సున్నం కూడా వేసి ఉంది. నాన్న గోడను అరచేత్తో తట్టి చూసి, "వీడు గది కూడా పట్టుకుపోయాడే," అనుకుంటూ వంటింట్లోకి వెళ్లి టీ పెట్టుకున్నాడు. ఆ రోజు నుంచి చెల్లెలు చదువుకున్నది వంటింట్లో, పడుకున్నది హాల్లో. అమ్మ బట్టలు, అమ్మ కత్తెర, అమ్మ ఫొటోలు అన్నీ ఆ గదిలోనే ఉండిపోయాయి. వీళ్లకు మిగిలినవి అమ్మ గరిటెలు.

ఎనిమిదేళ్ల తర్వాత చెల్లెలు ఫోన్ చేసింది.

"నా పెళ్లి కుదిరింది. సముద్రం ఒడ్డున, హోటల్లో."

"అంత దూరం ఎందుకే?"

"మరెక్కడ చేసుకోమంటావు? పెళ్లికూతురు బట్టలు మార్చుకోడానికి ఇంట్లో గదేది? అంతా తమరి దయ."

"నన్ను చూస్తే భయపడతారే. నేను రాలేను," అన్నాడు అన్నయ్య.

"నువ్వు రాకపోతే పీడాపోయె. గదిని మాత్రం పంపు."

గది ఒక్కటే రాదని ఇద్దరికీ తెలుసు.

పెళ్లిరోజు పొద్దున్నే అన్నయ్య బస్సు దిగాడు. ఒడ్డున అప్పటికే ఇసకలో కుర్చీలు వేస్తున్నారు. పెళ్లికొడుకు ఈత నేర్పే మనిషి, వచ్చే చుట్టాలందర్నీ నీళ్లలోకి దిగమని పోరుతున్నాడు. హోటలు కౌంటరులో కూర్చున్న అమ్మాయి తాళంచెవి తీసి, "మీకు సముద్రం కనిపించే గది ఇచ్చాం," అంది.

"ఏదైనా ఒకటేనండి. నా గది నాతోనే వస్తుంది."

"అలాగా. అయితే దుప్పట్లు పంపం లెండి," అంది ఆ అమ్మాయి.

మేడ మీద తలుపు ముందు అన్నయ్య కళ్ళు మూసుకున్నాడు. అలల చప్పుడు గట్టిగా వినిపిస్తోంది. అంత చప్పుడు చేసే సముద్రం ఒక్క గదిని తుడిచిపెట్టలేదా అనుకున్నాడు. తలుపు తోశాడు. ఇనప మంచాలు, పిన్ని దుప్పట్లు, లైటు. గడప మీదే కూలబడ్డాడు.

ఎంతసేపు కూర్చున్నాడో, తల ఎత్తేసరికి ఎదురుగా నాన్న ఉన్నాడు. పెళ్లికి కొన్న కొత్త చొక్కా వేసుకున్నాడు, మెడ దగ్గర చీటీ ఇంకా వేలాడుతోంది. లోపలికి రాలేదు. గడప బయటే నిలబడి కిటికీ వైపు తొంగిచూశాడు.

"ఏరా, ఆ లైటు ఇంకా వెలుగుతోందా?"

"ఆరదు నాన్నా. ఎంత చేసినా ఆరదు."

"మీ అమ్మ కరెంటు బిల్లు దగ్గర ఎంత గట్టిమనిషి! వట్టినే లైటు వెలుగుతుంటే ఊరుకునేదా? మళ్ళీ వచ్చి కూర్చోవాలనుకుంటేనే అలా వదిలేది." నాన్న కొత్త చొక్కా చేతితోనే కళ్ళు తుడుచుకున్నాడు.

ఇంతలో చెల్లెలు వచ్చింది. జుట్టు ఒకవైపు దువ్వించుకుంది, రెండోవైపు ఇంకా చిక్కులే. వెనకాల అలంకరణ చేసే ఆవిడ దువ్వెన పట్టుకుని, "అమ్మాయ్, కదలకమ్మా!" అంటూ వస్తోంది. చెల్లెలు అన్నయ్యను పలకరించలేదు. ఆయన్ని దాటుకుని గదిలోకి నడిచింది. తిట్టడానికే వచ్చింది పాపం, దారిపొడుగునా మాటలు పోగుచేసుకుంటూ వచ్చింది. గది మధ్యలోకి రాగానే అన్నీ మరిచిపోయింది. అద్దం మీద పువ్వు బొమ్మను గోటితో గీకింది. తన మంచం మీద కూర్చుంది. దిండు ఎత్తి మొహానికి అదుముకుంది.

తర్వాత లేచి మిషను దగ్గరికి వెళ్లింది. "ఈ గౌను నాదే కదూ?"

అన్నయ్య ఒక్క ఉదుటున లేచి మిషనుకు అడ్డంగా నిలబడ్డాడు. "ముట్టుకోకు."

"జరుగు అన్నయ్యా. ఈ గౌను కోసమే నిన్ను పిలిచాను."

"అమ్మ ముట్టుకోవద్దంది."

అనడం నిజమే. ఆ మధ్యాహ్నం అమ్మ గౌను కుడుతూ కుడుతూ ఆగి, గుండెమీద చెయ్యి పెట్టుకుంది. ఒళ్లంతా చెమట. నాన్న పరిగెత్తుకెళ్లి బండి పిలుచుకొచ్చాడు. గుమ్మం దాటుతూ అమ్మ వెనక్కి తిరిగి, "ఇప్పుడే వస్తానురా. మిషను ముట్టుకోకు," అంది అన్నయ్యతో. పని మధ్యలో లేచినప్పుడల్లా అమ్మ సూదిని గుడ్డలోకే దించి లేచేది, కుట్టు కదలకుండా. సూది కిందికి ఉందంటే అమ్మ ఇదిగో వస్తుంది. పైకి ఉందంటే పని అయిపోయింది, ఇక అన్నాలకు లేవచ్చు. ఇంట్లో పిల్లలకు అక్షరాలకంటే ముందు అబ్బిన చదువు అదే. ఆ రోజు సూది కిందికే ఉంది. అమ్మ ఆసుపత్రి నుంచి రాలేదు.

"అది పైకి తీస్తే..." అన్నాడు అన్నయ్య.

"తీస్తే?"

"ఇంక రాదే. తీస్తే అమ్మ ఇంక రాదు." ఇన్నేళ్లలో ఆ మాట ఎవరితోనూ అనలేదు. అన్నాక ఆగలేకపోయాడు. మిషను అంచు పట్టుకుని, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. "నాకు నిద్ర కావాలే. చచ్చిపోతున్నాను. అయినా అమ్మ వచ్చి చూసుకునేసరికి కుట్టు జారిపోయి ఉంటే ఎలా?"

చెల్లెలికి కోపం, ఏడుపు ఒకేసారి వచ్చాయి. "నువ్వు ఈ లైటు చూస్తూ కూర్చున్నావు. మేం గోడ చూస్తూ కూర్చున్నాం. నాన్న రోజూ పొద్దున్నే లేచి గోడ తట్టి చూసేవాడు, తెలుసా? అమ్మ రాదు అన్నయ్యా. నాన్నకు తెలుసు, నాకు తెలుసు. నువ్వొక్కడివే ఇంకా కాపలా కాస్తున్నావు."

"ముట్టుకోవద్దంది..."

"ఎవరికి చెప్పింది?"

"నాకు."

"మరి నాకు చెప్పలేదుగా. నేను బళ్లో ఉన్నాను."

అలంకరణ చేసే ఆవిడ దువ్వెన పట్టుకుని అటూ ఇటూ చూసింది.

"అది నిజమేరా," అన్నాడు నాన్న గడప బయటి నుంచి.

అన్నయ్య పక్కకు జరిగాడు. గోడకు మొహం పెట్టి రెండు చెవులూ మూసుకున్నాడు. చెల్లెలు మిషను ముందు కూర్చుంది. కుట్టుపని ఆమెకు బొత్తిగా రాదు, బొత్తాం ఊడినా పిన్ని దగ్గరికి పరిగెత్తే రకం. అయినా కాలు తొక్కుడు మీద ఆనించి మెల్లగా నొక్కింది. మిషను నిన్ననే ఆగినట్టు కదిలింది. చెవులు మూసుకున్నా ఆ టకటక అన్నయ్యకు వినిపించింది. అమ్మ కుడుతున్నప్పుడు వానలా ఏకధారగా వచ్చే చప్పుడు. చెల్లెలు తొక్కితే ఆగి ఆగి, తడబడి, మళ్ళీ మొదలై వచ్చింది. ఆ తేడా విన్నాక, కుడుతున్నది అమ్మ కాదని ఆయన ఒంట్లో ప్రతి ఎముకకూ తెలిసింది.

అమ్మ కుట్టు తాడు పట్టి గీసినట్టు ఉంటే, అక్కణ్ణించి చెల్లెలి కుట్టు తాగినవాడి నడకలా సాగింది. అంచు దాకా వచ్చింది. చక్రాన్ని చేత్తో తిప్పి సూదిని పైకి లేపింది. దారాన్ని అమ్మలాగే పంటితో కొరికింది. చెయ్యి చాచి స్విచ్చి నొక్కింది. లైటు ఆరిపోయింది.

గౌను వేసుకుంటుంటే మగవాళ్లిద్దరూ వసారాలో నిలబడ్డారు. పెరిగే పిల్ల అని అమ్మ ఎప్పుడూ ఆమెకు బట్టలు వదులుగా కుట్టేది. ఆ రోజుల్లో వాటిలో చెల్లెలు గోనెసంచిలో పిల్లికూనలా ఉండేది. ఇప్పుడు గౌను ఒంటికి కొలిచి కుట్టినట్టు సరిపోయింది. కాస్త పొట్టయింది అంతే.

"ఇసకలో నడవడానికి ఇదే మంచిది," అంటూ బయటికొచ్చి, వెనకాల తలుపు లాగేసింది. అన్నయ్య గడ్డం పట్టుకుని, "మొహం కడుక్కుని కిందికి రా. నువ్వు రాకుండా మొదలుపెట్టను," అని నాన్ననూ అలంకరణ ఆవిడనూ వెంటబెట్టుకుని మెట్లు దిగిపోయింది.

అన్నయ్య తలుపు ముందు ఒక్కడే మిగిలాడు. తాళంచెవి తిప్పాడు. ఈసారి కళ్ళు మూసుకోవడం మరిచిపోయాడు.

దుప్పటి లేని పరుపు. ఒక కుర్చీ. గోడకు ఎవరిదో పడవ బొమ్మ. కిటికీ నిండా సముద్రం. పిన్ని దుప్పట్లు లేవు, మంచాలు లేవు, మిషను లేదు. ఇన్నేళ్లూ ఏ గది కోసం ఊరూరా తిరిగాడో అదే గది. ఆయన దాన్ని చూసి సంతోషించలేదు. పరుపు ఎత్తి చూశాడు, తెర వెనక చూశాడు, స్నానాల గది తలుపు తీసి చూశాడు. "అమ్మా," అన్నాడు. ఎవరూ పలకలేదు. "అమ్మా," అని గట్టిగా అరిచాడు. అమ్మ పోయినరోజు నోట్లోంచి రాని ఏడుపంతా అప్పుడొచ్చింది. ఏడ్చి ఏడ్చి, బూట్లయినా విప్పకుండా పరుపు మీద కూర్చున్నాడు. ఒక్క నిమిషం కూర్చుని లేద్దామనుకున్నాడు.

కింద ఎండ చల్లబడింది. చుట్టాలందరూ కుర్చీల్లో సర్దుకున్నారు. బ్యాండు వాళ్లు డప్పులు సవరించుకుంటున్నారు. కొడుకును పిలుచుకొస్తానని మేడెక్కిన నాన్న ఒక్కడే తిరిగొచ్చాడు.

"అన్నయ్య ఏడీ?" అంది పెళ్లికూతురు.

"నిద్రపోయాడమ్మా. బూట్లు విప్పినా కదల్లేదు." నాన్న మేడమీదికి చెయ్యి చూపించాడు. "నోరు తెరుచుకుని పడుకున్నాడు, చిన్నప్పటిలాగే."

చెల్లెలు మేడమీది కిటికీ వైపు చూసింది. బ్యాండు వాళ్ల దగ్గరికి నడిచి, "వాయించకండి. మా అన్నయ్య పడుకున్నాడు," అంది.

"ఇది పెళ్లమ్మా!" అన్నాడు డప్పాయన.

"పెళ్లే. మెల్లగా చేసుకుందాం."

అలాగే చేసుకున్నారు. పెళ్లికొడుకు తన పెళ్లి ప్రమాణం ఆమె చెవిలో చెప్పాడు, ఆమె అతని చెవిలో చెప్పింది. గుసగుసలంటే ఏమిటో తెలియని పెళ్లికొడుకు పెద్దత్త కూడా రెండు చేతులతో నోరు నొక్కుకుని కూర్చుంది. చప్పట్లకు బదులు అందరూ చేతులెత్తి ఊపారు. సముద్రం ఒక్కటే ఎవరి మాటా వినలేదు.

అప్పుడు నాన్న జేబులో ఫోన్ మోగింది. కంగారుగా దాన్ని రెండు చేతులతో కప్పి, కుర్చీల వెనక్కి పరిగెత్తాడు. పక్కింటి పిన్ని. మోకాళ్ల నొప్పులతో పెళ్లికి రాలేక, వీళ్ల ఇంటి తాళం దగ్గర పెట్టుకుని ఊళ్లోనే ఉండిపోయింది.

"మీ హాల్లో తలుపు మళ్ళీ వచ్చిందండీ," అంది పిన్ని. "తీసి చూశాను. అన్నీ ఉన్నాయి. కానీ ఆ దుమ్ము! మిషను మీద వేలితో గీత గీస్తే పడుతోంది. తుడిచేయమంటారా?"

నాన్న మేడ మీద కిటికీ వైపు చూశాడు.

"వద్దమ్మా," అన్నాడు గొంతు తగ్గించి. "మావాడొచ్చి తుడుస్తాడు. ముందు నిద్ర లేవనీ."