నోట్లో వేలు

పిల్ల వచ్చిన మాటలు మరిచిపోతోందని ముందుగా పట్టుకున్నది తల్లే.

మొన్నటిదాకా "నాన్న", "ఇంకా", "పో" అంటూ ఇల్లు హోరెత్తించిన పిల్ల ఇప్పుడు ఏం కావాలన్నా వేలు చూపించి మూలుగుతోంది. ముద్ద పెడితే తల తిప్పేసుకుంటోంది. కడుపు పట్టుకుని మెలికలు తిరుగుతోంది. నేల మీద ఏది కనిపించినా ఏరుకుని నోట్లో వేసుకుంటుందని నానమ్మ దానికి పిచ్చుక అని పేరు పెట్టింది.

తల్లి బస్సు కండక్టరు. తండ్రి పాత బ్యాటరీలు విప్పి బాగుచేసే షాపులో పనిచేస్తాడు. పగలంతా పిల్లను చూసుకునేది నానమ్మే.

"పళ్లొస్తున్నాయమ్మా, అంతే. మావాడు చిన్నప్పుడు గోడలు నాకేవాడు. ఇప్పుడు చూడు, ఎలా ఉన్నాడో దున్నపోతులా!" అంది నానమ్మ.

కోడలికి నవ్వు రాలేదు. మర్నాడు సెలవు పెట్టి పిల్లను ఆసుపత్రికి తీసుకెళ్లింది.

డాక్టరమ్మ పిల్ల కంటి రెప్ప కిందికి లాగి చూసింది. లోపల ఎరుపే లేదు.

"మట్టి తింటుందా?"

"చెయ్యి ఎప్పుడూ నోట్లోనే ఉంటుందండీ."

"వాళ్ల నాన్న ఏం చేస్తారు?"

పిల్లకి కడుపు నొప్పయితే తండ్రి ఉద్యోగం ఎందుకో ఆమెకు అర్థం కాలేదు. చెప్పింది. డాక్టరమ్మ రాయడం ఆపి తలెత్తింది. రక్త పరీక్ష చేయించమంది.

రక్త పరీక్ష ఫలితం వచ్చిన రోజు డాక్టరమ్మ తలుపు దగ్గరగా వేసి కూర్చోబెట్టింది.

"రక్తంలో సీసం ఉందమ్మా. చాలా ఉంది."

"మా ఇంట్లో సీసం ఎక్కడిదండీ?"

"బ్యాటరీల్లో ఉండేది అదే. మీ ఆయన బట్టల మీద వస్తుంది. జుట్టులో, చెప్పుల కింద. సన్నటి దుమ్ము, కంటికి ఆనదు. అది నేల మీద రాలుతుంది. పిల్ల అక్కడే ఆడుకుని ఆ చేతులే నోట్లో పెట్టుకుంటుంది. చీపురుతో ఊడవకండి, పైకి లేస్తుంది. తడిగుడ్డతో తుడవండి."

"మాటలు మళ్లీ వస్తాయా?"

"ముందు సీసం ఒంట్లోకి వెళ్లడం ఆపుదాం," అంది డాక్టరమ్మ.

ఇంటి గుమ్మంలో తల్లి కాళ్లు ఆగిపోయాయి. ఎక్కడ దించాలి పిల్లని? చాప మీదా? మంచం మీదా? నిన్నటిదాకా శుభ్రంగా కనిపించిన ఇల్లు నోరు తెరుచుకుని కూర్చున్నట్టుంది. వసారాలో నానమ్మ కొడుకు నిన్న విప్పిన పని చొక్కా పట్టుకుని పటపటా దులుపుతోంది.

"అత్తయ్యా, దులపకండి!"

ఆ కేకకు నానమ్మ చేతిలోంచి చొక్కా జారిపోయింది. "ఏంటే, పామేమైనా దూరిందా?"

విషయం విన్నాక ఆవిడ నేలకేసి చూసింది. రోజూ తాను చొక్కా దులిపే చోటే మనవరాలు బొమ్మలు పెట్టుకుంటుంది. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడకు ఆనుకుంది.

సాయంత్రం భర్త వచ్చేసరికి ఆమె గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"అక్కడే ఆగండి."

"ఏంటి కండక్టరమ్మా, టికెట్ లేనిదే ఎక్కనివ్వవా?"

ఆమె చెప్పింది. అతని మొహంలో నవ్వు పోయి కోపం వచ్చింది.

"నా పిల్లకి నేను విషం పెడుతున్నానంటావా? రోజూ ఈ చేతులతోనేగా దానికి తినిపించేది..."

తన మాటే తన చెవిన పడ్డట్టు ఆగిపోయాడు. అరచేతులు తిప్పి చూసుకున్నాడు. గోళ్ల చుట్టూ బూడిదరంగు.

అంతలో నానమ్మ ఒళ్లోంచి జారి పిచ్చుక చేతులు చాపుకుని పరుగెత్తుకొచ్చింది.

"రాకు!" అని గట్టిగా అరిచాడు.

ఏనాడూ దాని మీద గొంతు పెంచని మనిషి. పిల్ల నిలబడిపోయింది. ఏడవకుండా అడుగు వెనక్కి వేసింది. అది ఏడిచి ఉన్నా బాగుండేదనిపించింది అతనికి. పెరట్లో కుళాయి కింద కూర్చుని చర్మం ఎర్రబడేదాకా ఒళ్లు రుద్దుకున్నాడు.

షాపులో స్నానానికి చోటు అడిగితే యజమాని "రాజుగారి స్నానాలా!" అని నవ్వాడు. అతను పని మానేశాడు. మానేసే ముందు తోటివాళ్లకు జరిగింది చెప్పాడు. వాళ్లలో ముగ్గురికి నేల మీద ఆడుకునే వయసు పిల్లలున్నారు.

అతను సైకిళ్లు బాగుచేసే చోట చేరాడు. ఇల్లంతా తడిగుడ్డతో తుడిచి, పాత చాపలు పారేశారు. పిల్ల చేతులు కడిగీ కడిగీ తల్లి వేళ్లు నానిపోయాయి. మందులు వాడగా రెండో పరీక్షలో సీసం తగ్గింది. పోలేదు. "నాన్న" అన్న మాట తిరిగి వచ్చింది. మిగతావి ఎప్పుడొస్తాయో, అసలు వస్తాయో రావో డాక్టరమ్మ చెప్పలేకపోయింది.

రెండో పరీక్ష ఫలితం తెలిసిన ఆ రోజే ఆసుపత్రి వరండాలో బ్యాటరీల షాపులో పనిచేసేవాళ్ల భార్యలు పిల్లల్ని ఒళ్లో గట్టిగా అదిమి పట్టుకుని కూర్చున్నారు. అందరిలో చిన్నదైన తల్లి పిచ్చుక తల్లి వైపు జరిగింది.

"అక్కా, మావాడికి మాటలింకా రాలేదు. వయసు కాలేదనుకున్నా..." కొడుకు తల నిమిరింది. లోపలినుంచి వాళ్లను పిలిచారు. "నువ్వూ వస్తావా అక్కా?"

ఆమె పిచ్చుకను చంకనేసుకుని లేచింది.