రుచి చూడని చెయ్యి

మనిషి అన్నం తినే తీరు చూసి ఆ మనిషి సంసారం మొత్తం చెప్పేస్తా నేను. బోనకల్ నుంచి భద్రాచలం దాకా ఏ బంతిల కూసోబెట్టినా సరే, మూడు ముద్దలు చాలు. ముద్దను ఒత్తి ఒత్తి చేసేటోడు పెండ్లాన్ని నమ్మడు. కూరంతా ముందే ఊడ్చేసేటోడు ఇల్లు నిలబెట్టడు. ఒకసారి నేలకొండపల్లిలో ఒకామె పెరుగు కలుపుకునే తీరు చూసి కవలలు పుడతరని చెప్పిన. పుట్టిండ్రు. ఇంకో గరిటె పోసుకుని ఉంటే ముగ్గురయ్యేటోళ్లు. నన్ను గోపాలు తాత అంటరు. సత్తుపల్లి దగ్గర మా ఊర్లె నలభై ఏండ్లు తాటిచెట్లు ఎక్కిన. ఇప్పుడు మోకాళ్లు పోయినయ్, నోరు మిగిలింది.

మా ఎదురింటి ఆరోగ్యమ్మ కొడుకు శాంతికుమార్. బొగ్గుగనిలో డంపర్ నడుపుతడు. రెండువేల ఏడుల వాడికి అక్సాను చేసుకుని తెచ్చిండ్రు. పిల్లది అడవి దిక్కు, చర్ల అవతల. తండ్రి అక్కడ ఒక హాస్టల్‌లో వంటమనిషి. మూడొందల మంది పిల్లలకు పప్పు వండి, దించే ముందు గరిటెతోటి ఒక్క చుక్క బిడ్డ అరచేతిల వేసి, ఏం తక్కువైందమ్మా అని అడిగేటోడట. ఆమె కండ్లు మూసుకుని నాకి, ఉప్పు కాదు నాయినా, పులుపు తక్కువైంది అనేదట. ఆ మాట మీద గుండిగల చింతపులుసు పడేది. ఏడేండ్ల పిల్ల నాలిక మీద మూడొందల మంది అన్నం తిన్నరంటే మాటలా.

పెండ్లయిన మూడోనాడు మా ఊర్లె విందు. మటన్ వడ్డన నాదే. కొత్త కోడలు గదా అని వెతికి వెతికి మూలుగ బొక్క ఒకటి ఆమె విస్తట్ల వేసిన. పిల్ల దాన్ని రెండుసార్లు కొట్టి, నోట్ల పెట్టుకుని, కండ్లు మూసుకున్నది. గొంతులోంచి చిన్న సప్పుడు. అంతే. ఊరుకుంటే నేను గోపాల్ని ఎట్లయిత? గరిటె పట్టుకుని నిలబడి, "శాంతికుమారూ, బొక్కతోనే గిట్లుంటే ఇంక నీ గతేందిరా" అన్న. బంతి బంతంతా నవ్వింది. పెండ్లికొడుకు నవ్వలే. ఆ మాట నేను చెయ్యి కడుక్కునే లోపలే మర్చిపోయిన.

నాకు పెండ్లాం పోయి పదేండ్లు. ఆరోగ్యమ్మ దయ తలచి, రోజూ మధ్యాహ్నం కోడలితోటి ఒక గిన్నె అన్నం, కూర పంపేది. రెండేండ్లు తిన్న. ఒకనాడు ఉప్పు రెండుసార్లు పడేది, ఒకనాడు అసలే పడేది కాదు. మొగుని ధ్యాసల ఉన్నవా పిల్లా అని ఎకసెక్కాలాడేటోణ్ణి. ఆమె గిన్నె తీసుకుని పోయేది.

నా మొదటి మాటను ఇక్కడ సంతోషంగ వెనక్కి తీసుకుంటున్న. తినే తీరు చూసి నేను ఏమీ చెప్పలేను. నేలకొండపల్లి ఆమెకు ఎనిమిదో నెల, డాక్టరమ్మ చెప్పినంకనే నేను చెప్పిన. అక్సా అయితే రెండేండ్లు నా ఎదురుంగనే ఉన్నది. ఆమె ఎప్పుడు తింటదో, కూసుని తింటదో నిలబడి తింటదో, ఒక్కనాడు చూడలే. నా ముద్దలే చూసుకున్న.

ఒకనాడు వంకాయ కూర చప్పగ ఉంటే అడిగిన. "ఉప్పు వేసినవా, వేసిన అనుకున్నవా?"

ఆమె గడప మీద కూసున్నది. "నేను రుచి చూస్తలేను తాతా. చెంచాతోటి కొలిచి వేస్తున్న. కొలత తప్పుతది ఒక్కోసారి."

ఎందుకని అడిగితే, ఖాళీ గిన్నెను కొంగుతోటి తుడుసుకుంట ముక్కలు ముక్కలుగ చెప్పింది. ఆ ముక్కల్ని నేను అతికిస్తున్న.

విందు తెల్లారి మధ్యాహ్నం శాంతికుమార్ డ్యూటీ దిగి వచ్చిండు. తలుపేసిండు. ఆమెకు భయమేమీ లేదు, వాడంటే ఇష్టంగనే ఉండె. వాని చెయ్యి పడంగనే కండ్లు వాటంతటవే మూసుకున్నయ్, గొంతులోంచి సప్పుడు దానంతటదే వచ్చింది. వాడు చెయ్యి తీసేసిండు. "బంతిల అదే మొఖం, ఈడ అదే మొఖం. ఎవడు నేర్పిండు నీకు?" అన్నడు. ఏమని చెప్పాలె? పులుపును ఎవరన్న నేర్పుతరా? సంతోషానికి మనిషి దగ్గర ఒక్కటే మొఖం ఉంటదని, మామిడిపండుకు ఒకటి, మొగునికి ఒకటి వేరేగ ఉండదని ఆమె అనుకున్నది. ఉండాలె కావచ్చు, నాకు తెలవలేదు అనుకున్నది. ఆనాటి నుంచి కండ్లు తెరిచి, పండ్లు బిగపట్టి, ఫ్యాన్ రెక్కల దిక్కు చూసుకుంట పడుకునుడు అలవాటు చేసుకున్నది. ఆడ బిగపట్టినంక పొయ్యికాడ గూడ బిగుసుకుపోయింది. రెండూ ఒక్క కాడ్నుంచే వస్తున్నయో ఏమో, ఒకటి మూస్తే రెండోది మూసుకున్నది. వానికి క్యారేజీ కట్టి, అత్తకు వడ్డించి, నాకు గిన్నె పంపి, అందరివి తోమినంక, గిన్నె అడుగుది నిలబడి మింగేది, గోలీ మింగినట్టు. వాడు తింటుంటే ఇల్లంతా వినబడుతది, తేన్పు వీధిలకు వస్తది. ఆమె నీళ్లు తాగితే అత్త, "ఆడది తింటే సప్పుడు రావద్దు" అనేది. కొన్ని నెలలకు ఒకనాడు వాడు అటు తిరిగి పండుకుంట, "ఇప్పుడు మంచిగున్నవ్" అన్నడట. కాపురంల వాడు మెచ్చుకున్నది ఆ ఒక్కసారే.

తలుపేసినంక సంగతి ఆమె ఇంత వివరంగ చెప్పలే. "లోపల గూడ గంతే తాతా" అని గోడ దిక్కు చూసింది. నాకు అర్థమైంది. "బంతిల ఎవరో నవ్వులాటకు ఏదో అన్నరు, అది పట్టుకున్నడు" అన్నది. ఎవరో ఆమెకు తెలుసు. నా పేరు మాత్రం ఎత్తలే.

పిల్ల చిక్కిపోవుడు మొదలైంది. దవాఖానాకు తీసుకపోయేటోళ్లే, కానీ రెండువేల తొమ్మిదిల చర్చోళ్లకు గుడ్ ఫ్రైడే ముందటి శ్రమకాలం వచ్చింది. నలభై దినాలు ఉపవాసాలు. ఆడోళ్లు అక్సా మొఖం చూసిండ్రు, లోతుకు పోయిన కండ్లు చూసిండ్రు, ఈమె ఎవరికీ చెప్పకుండ కఠిన ఉపవాసం చేస్తున్నదనుకున్నరు. దగ్గు పిల్లల్ని తెచ్చి తల మీద చెయ్యి పెట్టమన్నరు. ఆరోగ్యమ్మ అడ్డం చెప్పలే. మా కోడలు పొద్దుగాల మంచినీళ్లు గూడ ముట్టదని తనే నాలుగిండ్లల్ల చెప్పుకున్నది. శాంతికుమార్ మొదటిసారి పెండ్లాన్ని బండి మీద కూసోబెట్టుకుని ప్రార్థనకు తీసుకపోయిండు. పాస్టర్ ఎబినేజర్ గారు గుడ్ ఫ్రైడే నాడు ఆ ఉపవాసం గురించి చర్చిల అందరి ముందు సాక్ష్యం చెప్పాలన్నరు. చెప్పనంటే ఇంట్ల ఒప్పుకోరు. చెప్పితే బతికినన్ని దినాలు తినకుండ ఉండాలె. ఆకలైతే అది పాపమైతది.

"నేను నిజమే చెప్తా తాతా" అన్నది ముందునాడు. "చెప్తే ఎవరన్న దవాఖానాకు తీసుకపోతరు. లేకుంటే మా నాయిన దగ్గరికి పంపుతరు."

గుడ్ ఫ్రైడే నాడు ఉపవాసం విడిచేటోళ్ల కోసం నేను చర్చి బయట ముంజకాయలు కోసుకుంట కూసున్న. లోపలి మాట మైకుల నాకు వినబడుతనే ఉన్నది. అక్సా గొంతు వచ్చింది.

"నేను ఉపవాసం చెయ్యలే. నాకు ఆకలి చచ్చిపోయింది. తిన్నా రుచి తెలుస్తలేదు. నేను తింటే నవ్విండ్రు, అనుమానపడ్డరు. నాకు ఏ కోరికా మిగల్లే."

మైకు గరగరమన్నది. నేను కత్తి కింద పెట్టిన. అప్పుడు పాస్టర్ గారు, శరీర ఆశలన్నీ చంపుకుని గూడ నేనేమీ చెయ్యలేదంటున్న ఈ సహోదరి తనను తాను తగ్గించుకునే గుణం చూడండ్రి అన్నరు. హల్లెలూయా అని చర్చి మొత్తం లేచింది. అందరికంటె గట్టిగ వినబడ్డది శాంతికుమార్ గొంతు.

పాటలు మొదలైనంక ఆమె ఒక్కతే బయటికి వచ్చి నా గంప దగ్గర కూసున్నది. నేను లేతకాయ చూసి, పై చెక్కు కోసి ఇచ్చిన. బొటనవేలు దింపింది. నీళ్లు చిమ్మి మోచెయ్యి దాకా కారినయ్. కండ్లు మూసుకున్నది. గొంతులోంచి చిన్న సప్పుడు వచ్చింది. బయటికి వస్తున్న ఆడోళ్లు ఆగి చూసిండ్రు. ఆమె ఇంకోటి అడిగింది.

ఈ కథ ఎవరికి చెప్పినా గిక్కడ్నే ఆపేటోణ్ణి. వినేటోళ్లు తృప్తిగ లేచిపోయేటోళ్లు. రాస్తుంటే మాత్రం చెయ్యి ఒప్పుకుంట లేదు. ఆమె తినుడు నేను కల్పించిన. మిగిలిందంతా జరిగింది.

నిజానికి ఆమె కాయను చేతిల తిప్పి చూసింది. వాసన చూసింది. తిరిగి నా అరచేతిల పెట్టింది.

"నువ్వు తిను తాతా. నేను చూస్తా" అన్నది.

నేను తిన్న.