రేకు మంచిదే

కింద తెల్లకాగితం, దాని మీద రాగిరేకు, ఆపైన మరో కాగితం. మూడింటినీ ఎడమ అరచేత్తో మెల్లగా దువ్వి, స్కేలు ఆనించి, ఊపిరి బిగబట్టి బ్లేడు లాగింది రేకులక్క. ఒక్క లాగుడే, మధ్యలో ఆగితే ఆ ముక్క ఇక పనికిరాదు. వేలెడు వెడల్పున పట్టీ విడిపడింది. దాన్ని పట్టకారుతో ఎత్తి, ఫ్యాను గాలికి ఎగిరిపోకుండా ఒంటిని అడ్డుపెట్టుకుంటూ లాగుడు మిషను దగ్గరికి నడిచింది.

బ్యాటరీ లోపల నల్లటి పూత పూసి చుట్టేది ఈ రేకునే. పూత పూసేటప్పుడు పుటుక్కున తెగిందంటే పని మొత్తం ఆగిపోతుంది. అందుకే ప్రతి చుట్టలోంచీ పట్టీలు కోసి, తెగేదాకా లాగి, ఎంత సాగిందో చూస్తారు. అంచున కంటికి ఆనని గాటు పడినా చాలు, మంచి రేకు కూడా సాగకుండానే తెగుతుంది. ఆ కోతబల్ల దగ్గర ఎవరిని పడితే వాళ్ళని కూర్చోబెట్టరు.

ఆమెకు కోత నేర్పింది భర్త. దర్జీ ఆయన. "బట్టని లాగకే, దాన్ని పడుకోనివ్వు" అనేవాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో రేకు దళసరిగా, మడత పెడితే నిలిచేట్టు ఉండేది. రానురాను వెంట్రుక కన్నా పలచబడిపోయింది. "మీవాళ్ళు చివరికి రేకే లేకుండా నీచేత కోయిస్తారు చూడు" అని ఆయన పగలబడి నవ్వేవాడు. ఆయన పోయి చాలా కాలమైంది. కిటికీ ఎండ రేకు మీద పడి గోడంతా ఎర్రగా వెలిగినప్పుడు మాత్రం, కుట్టుమిషను పక్కన కూర్చుని ఆమె గుండీలు కుట్టిన సాయంత్రాలు తిరిగొస్తాయి.

మిషను నడిపే అతను ఆమెకు తోబుట్టువు కాకపోయినా తమ్ముడే. పట్టీ బిగించి మీట నొక్కాడు. టప్‌మంది.

"ఇదీ సాగకుండానే అంచు దగ్గర తెగిందక్కా. మిషను పట్టు జారిందనుకుందాంలే, ఇంకోటి కోయి. మొన్న కూడా అలాగే సరిపెట్టాంగా."

"ఎన్నాళ్ళ నుంచి సరిపెడుతున్నావురా?"

అతను మిషను తుడవడం మొదలుపెట్టాడు. తుడవడానికి అక్కడేమీ లేదు.

ఇంచార్జి సారు తలుపు తీశాడు. "ఈ చుట్ట కూడా పరీక్షలో నెగ్గకపోతే కరిగించడానికి పంపేస్తానక్కా. రేకు తయారుచేసినవాళ్ళని సంజాయిషీకి పిలిచాను."

అతని వెనక ఇద్దరు పనివాళ్ళు నేల చూపులు చూస్తూ నిలబడ్డారు. రేకులక్క కుడిచేతిని బల్ల కింద ఎడమచేత్తో పట్టుకుంది. కొన్నాళ్ళుగా బొటనవేలు దానంతటదే కొట్టుకుంటోంది. ఇంట్లో టీగ్లాసు నిండా పోసుకోవడం మానేసింది. స్కేలు మీద ఆనితే నిలుస్తుందిలే అనుకుంటూ వచ్చింది. ఈ బల్ల పోతే పగలంతా ఎక్కడ కూర్చోవాలో ఆమెకు తెలియదు.

"తమ్ముడూ, నువ్వు కోయి."

"నేనా! ఉల్లిపాయ తిన్నగా కోయలేనని మా ఆవిడ వంటింట్లోకే రానివ్వదు."

"కోయమన్నానా! గట్టిగా లాగకు. రేకుని పడుకోనివ్వు."

అతను చెమటలు కక్కుతూ కోశాడు. మిషనులో ఆ పట్టీ సాగింది. ఇంకా సాగింది. 'తెగు, తెగు' అన్నట్టు అతని పెదవులు కదలడం ఆమె చూసింది. చివరికి సరిగ్గా నడుమన తెగింది.

"చూశారా సార్, రేకు మంచిదే. నా చెయ్యే వణుకుతోంది. వాళ్ళని పంపించెయ్యండి, పాపం."

సారు ఆ ఇద్దరినీ వెళ్ళమని సైగ చేశాడు. "ప్యాకింగులో కూర్చోండక్కా, తేలికపని."

"అక్కడ కూర్చుని రోజంతా ఈ తలుపుకేసి చూడమంటారా? వద్దులెండి. ఇంటికెళ్తాను."

సారు కూడా వెళ్ళాక తమ్ముడు ముక్కు చీదుకున్నాడు. "నేను వంకరగా కోసి చావాల్సింది."

"నీకంత తెలివెక్కడిదిరా" అని నవ్వి, టీ తాగి రమ్మని పంపేసింది.

గదిలో ఒంటరిగా మిగిలాక గ్లౌజులు విప్పింది. చెమట తగిలితే రాగి నల్లబడుతుందని చేరిన రోజే చెప్పారు. ఇన్నేళ్ళూ వట్టి చేత్తో ముట్టనే లేదు. మిగిలిన తుంపు మీద ఒకసారి కుడిచేతి వేళ్ళు ఆనించింది. చల్లగా ఉంది. సంచీ భుజాన వేసుకుని, పొద్దు వాలకముందే ఎండలోకి వెళ్ళిపోయింది.

బల్ల మీది రాగితుంపు మీద అయిదు వేళ్ళ గుర్తులున్నాయి. బొటనవేలిది మాత్రం ఒకదాని మీద ఒకటిగా చాలాసార్లు పడింది.