తాత మందలో మన రంగు

ఎండిన గడ్డి మైదానం. దాని మీద బంగారపు చుక్కలు.

చుక్కలు కదలవు. చూస్తాయి.

వికూన్యాలు. ఊళ్ళో పెంచుకునే లామాకు అడవిలో మిగిలిపోయిన చెల్లెళ్ళు. సన్నని మెడలు, ఒంటి మీద బంగారు ఉన్ని, కళ్ళ నిండా భయం... కాదు, భయంలాంటిదే ఇంకేదో.

వాటి వెనక తాత.

ఊరంతా ఆ అగ్నిపర్వతాన్ని తాత అనే పిలుస్తుంది. నోట్లో చుట్ట, చుట్టూ మంచు. అంత పొగ ఉన్నవాడికి ఆపాటి పొగరు ఉండదా? దగ్గితే ఊరి గిన్నెల్లో బూడిద పడుతుంది. నక్క ఆయన కుక్క. కొండగద్ద ఆయన కోడి. ఆ బంగారు మంద మొత్తం ఆయనదే.

ఏడాదికోసారి ఊరు ఆయన అనుమతి అడుగుతుంది. నేల మీద సారా పోస్తుంది. బుగ్గన పెట్టుకుని నమిలే కోకా ఆకులు పరుస్తుంది. రంగు పీలికలు కట్టిన పొడుగాటి తాడు పట్టుకుని, మందను చుట్టుముట్టి, నెమ్మదిగా ముందుకు నడుస్తుంది. ఉన్ని కత్తిరించుకుని, ప్రాణాలు ప్రాణాలుగా తిరిగి వదిలేస్తుంది.

అప్పు ఉన్నిదే. ఉన్నది ఆయనదే.

తాడు మధ్యలో సెవెరీనా. నల్ల శాలువా. ఆ శాలువాకు ఇది మూడో ఏడు.

మూడేళ్ళ కిందట ఆమె మొగుడు ఫెర్మీన్, తప్పిపోయిన లామాను వెతుక్కుంటూ తాత మీదికి వెళ్ళాడు. లామా తిరిగొచ్చింది. వెతకబోయినవాడు రాలేదు.

ఆమెకు జడలు రెండూ మిగిలాయి. అతని జాడ ఒక్కటీ మిగల్లేదు.

చనిపోయినవాళ్ళు మూడేళ్ళ పాటు పెద్దల పండక్కి ఇంటికి వస్తారు. ఏటా బల్ల పరిచి వడ్డించాలి. మూడో ఏడు రొట్టెపిండితో నిచ్చెన కాల్చి పెడితే, అది ఎక్కి పైకి పోతారు. ఇక రారు. ఇంటావిడ నలుపు విప్పేస్తుంది.

పండుగకు ఇంకా ఐదు రోజులు.

"ఏమే సెవెరీనా, నిచ్చెన కాల్చమంటావా, వద్దంటావా?" తాడు మీదుగా అరిచింది తీబుర్సియా అత్త. ఊరికంతటికీ రొట్టెల పొయ్యి ఆవిడదే. నోరూ ఆవిడదే. "పిండి పులిసి పొంగింది. నీ మనసే ఇంకా ముద్దలా కూర్చుంది!"

"పొద్దు గుంకేలోగా చెప్తానత్తా."

"బతికున్నోడికి నిచ్చెనేంటి?" అంది లియాండ్రా. ఫెర్మీన్ చెల్లెలు. తాడు మీద వదిన పక్కనే ఆమె చెయ్యి. "శవం చూశావా వదినా? చూళ్ళేదు కదా. ఊరికే నలుపు బరువై మా అన్నని పంపించేస్తావా?"

"నలుపు బరువు కాదే. ఒక్కదాన్నే తింటూ రెండు పళ్ళేలు కడగడం బరువు."

"ఇంకో మూడేళ్ళు కడుగు. చేతులరిగిపోవులే."

సెవెరీనా తాడుతో ఇంకో అడుగు ముందుకేసింది. చేతులు అరగవు. ఆ సంగతి ఆమెకు తెలుసు. అరిగేది వేరే.

తాడు దగ్గరైంది. పీలికలు గాలికి టపటపలాడాయి. మంద వలల దొడ్డిలోకి ఒక్క అలలా జారింది. ఈలలు. వికూన్యాలు బెదిరితే ఈల వేస్తాయి — పక్షి కాదు, మనిషి కాదు, రెండిటి మధ్యా ఏదో వేసినట్టు.

ఒక ఆడది మాత్రం బెదరలేదు.

నడిచి వచ్చింది. సెవెరీనా ముందు మోకాళ్ళు మడిచి కూర్చుంది.

"చూడవే, పెళ్ళిచూపులకొచ్చినట్టు కూర్చుంది!" నవ్వింది తీబుర్సియా అత్త. ఎవరూ నవ్వలేదు. ఆవిడ నవ్వు కూడా మధ్యలోనే చల్లారింది.

లియాండ్రా దాని కాళ్ళు పట్టుకుంది. సెవెరీనా దాని కళ్ళకు గుడ్డసంచి తొడగబోతూ ఎడమ చెవి కిందికి వేలు పోనిచ్చింది.

ఆగింది.

కుచ్చు.

ఉన్ని కుచ్చు. ఆకుపచ్చ, గులాబీ. లామా చెవికైతే ఏటా ప్రతి ఇల్లూ తన రంగు కుట్టుకుంటుంది. తాత మందకు ఎవరు కుడతారు? ఎవరికి అంత ధైర్యం?

ఆకుపచ్చ, గులాబీ — ఆమె ఇంటి రంగులు. దారం ఎడమచేతి వాటంగా వడికింది. ఆమె వడికినట్టే. ముడికి మూడు చుట్లు. అతను వేసినట్టే.

దారంలో పేనిన వెంట్రుక ఒకటి. అది కూడా ఆమె అలవాటే.

వెంట్రుక తెల్లగా ఉంది.

మూడేళ్ళ కిందట ఆమె తలలో ఒక్క తెల్ల వెంట్రుక లేదు. అవి నిరుడు వచ్చాయి. దువ్వెనకు చిక్కినవాటిని ఆమె పారెయ్యదు, చచ్చాక ఆత్మకు తన వెంట్రుకలు వెతుక్కునే పని పడకుండా. పడక పక్కనే, తల పెట్టుకునే చోట, గోడ పగులులో దోపుతుంది.

ఆ పగులు దాకా ఎవరో వచ్చారు.

ఆమె నిద్రపోతుండగా.

"ఏంటి వదినా? చెవిలో ఏముంది?"

చూపిస్తే చాలు. లియాండ్రా ఊరంతా వినేలా ఏడుస్తుంది. అన్న బతికున్నాడంటుంది. తాత మా అన్నని కాపరిగా పెట్టుకున్నాడంటుంది. నిచ్చెన ఉండదు. నలుపు ఉంటుంది. రెండో పళ్ళెం ఉంటుంది... ఎప్పటికీ.

చూపించకపోతే — అక్కడ, మంచులో, చలికి బిగిసిన వేళ్ళతో ఈ ముడి వేసినవాడు ఎవరైనా సరే, అతనికి ఇక ఇల్లుండదు.

సెవెరీనా కత్తెర అందుకుంది.

"ముల్లు," అంది. "గడ్డి ముల్లు."

కుచ్చు తెగింది. దాచడానికి చోటు దొరకలేదు. బుగ్గనున్న కోకా ఆకుల్లోకి తోసేసుకుంది. గొర్రె వాసన కాదు, ఉన్ని రుచి కాదు. గంధకం. వెచ్చగా ఉంది. అప్పుడే ఎవరి చేతిలోంచో వచ్చినంత వెచ్చగా.

ఉన్ని కత్తిరించారు. వికూన్యా ఒక్కసారి కూడా వణకలేదు.

"మరి నిచ్చెన మాట?" అడిగింది తీబుర్సియా అత్త. ఈసారి మెల్లగా.

నోరు తెరిస్తే బయటపడుతుంది. సెవెరీనా తల ఊపింది. కాల్చమని. ఒకసారి కాదు, రెండుసార్లు.

లియాండ్రా వికూన్యా కాళ్ళు వదిలేసి, ముఖం తిప్పుకుంది.

వలలు ఎత్తారు. మంద కదిలింది. దుమ్ము, గిట్టలు, ఈలలు... గీత గీసినట్టు తాత వైపు, అన్నీ తాత వైపే.

అన్నీ కాదు.

ఒక్కటి ఆగింది. ఉన్ని లేని బక్క ఒళ్ళు. ఖాళీ చెవి.

పైకి చూసింది. కిందికి చూసింది. ఎవరో పిలిస్తే వెళ్ళినట్టు — తొందర లేకుండా, దారి తెలిసినట్టు — ఊరి వైపు నడిచింది. మొదటి ఇల్లు దాటింది. పొయ్యి ఇల్లు దాటింది.

మూడో గుమ్మం దగ్గర మోకాళ్ళు మడిచి కూర్చుంది.

సెవెరీనా గుమ్మం.

మైదానం నుంచి చూస్తే ఒక్క బంగారపు చుక్క.

కదలదు. చూస్తుంది.