మైలవరం కార్డు

"ఎలాగూ ఆ వైపు వెళ్తావుగా, ఈ ఫ్యాను వైండింగుకి ఇచ్చేసి రా" అన్నారు మా ఆయన, బూట్ల లేసు కట్టుకుంటూ.

నేను ఆ వైపు వెళ్ళను. నా సెంటరు గవర్నరుపేటలో ఉంది. వైండింగు షాపులు రైలుకట్ట అవతల, వన్ టౌన్‌లో ఉన్నాయి. రైల్వే ఆఫీసులో పదిహేనేళ్ళుగా పనిచేస్తున్న మనిషికి బెజవాడలో ఏది ఎటుందో తెలియక కాదు. ఆయన పని ఎటు ఉంటే నా దారి అటు వంగుతుందని ఆయన నమ్మకం. పైగా, "నీకేం, కూచుని మాట్లాడే ఉద్యోగం. ఓ గంట ముందు లేచొస్తే ఎవరడుగుతారు?" అని కూడా అన్నారు. గుమ్మంలో జపమాల తిప్పుతున్న మా అత్తగారు తెరేసమ్మగారు, "త్వరగా వస్తే చేపలు కూడా తోముతుంది లేరా అంతోనీ" అని అందుకున్నారు. టేబుల్ ఫ్యాను ఒళ్ళో పెట్టుకుని రిక్షాలో ఊరు ఆ చివరికి వెళ్ళే మనిషి త్వరగా ఎలా వస్తుందో ఆ తల్లీకొడుకులకే తెలియాలి.

నా కూచుని మాట్లాడే ఉద్యోగం గురించి చెప్పాలి. మాది మొగుడితో గొడవపడి ఇల్లు వదిలొచ్చిన ఆడవాళ్ళకి కౌన్సెలింగు చేసే సెంటరు. బి.ఏ. పాసయ్యి, పన్నెండేళ్ళ కిందట అరవయ్యారులో చేరాను. వచ్చినమ్మాయి ఏడుస్తుంది, నేను వింటాను. తర్వాత ఆ మొగుణ్ణి పిలిపించి ఇద్దరిచేతా ఒప్పందం మీద సంతకాలు పెట్టిస్తాను. చివరికి అమ్మాయిని నేనే వెంటబెట్టుకుని బస్సెక్కించి, అత్తగారింట్లో అప్పగించి, అక్కడ కాఫీ తాగి రావాలి. కాఫీ తాగడం మా సెంటరు పద్ధతి. ఆ ఇంట్లో కాఫీ తాగితే ఆ ఇల్లు మా మాటకి కట్టుబడినట్టు లెక్క. తిరిగొచ్చి ఫైల్లో 'అప్పగించడమైనది' అని రాసి సంతకం పెడితే కేసు అయిపోతుంది. రెండువందల పైచిలుకు ఇళ్ళలో తాగాను నేను. చాలా ఇళ్ళలో ఆ కాఫీ కలిపి తెచ్చింది, చేతిలో మూట ఇంకా సరిగా కింద పెట్టకుండానే, నేను అప్పగించిన ఆ పిల్లే. ఆ సంగతి ఏ ఫైల్లోనూ రాయలేదు.

ఫ్యానుతో వన్ టౌన్‌లో రిక్షా దిగేసరికి నాలుగైంది. షాపు బయట పొలాల నుంచి వచ్చిన పంపు మోటార్లు బురదతోనే పడున్నాయి. లోపల కాలిన వార్నిషు వాసన. కంకిపాడు వైపు రైతు ఒకాయన గుమ్మంలో నిలబడి బతిమాలుతున్నాడు.

"నారుమడి ఎండిపోతందమ్మా. రేపటికి ఇయ్యకపోతే నేనేం గావాలి?"

"మంగళవారం. ముందే కావాలంటే వార్నిషు తడి ఆరకుండానే ఇస్తాను, వారంలో మళ్ళీ కాలిపోద్ది. మీ ఇష్టం" అంది లోపలి మనిషి, తల ఎత్తకుండా.

"మంగళారమే వస్తాలేమ్మా" అని ఆయన తలపాగా సర్దుకుని వెళ్ళిపోయాడు.

పన్నెండేళ్ళలో ఏ మగాడూ నా మాటకి అంత తేలిగ్గా తలొంచలేదు. ఒంచినవాడు ఇంటికెళ్ళి ఏం చేశాడో నాకు తెలీదు. ఎవరబ్బా ఈవిడ అని వంగి చూశాను. ఎడమ మణికట్టు కొంచెం వంకర.

మాణిక్యం.

మూడేళ్ళ కిందటి ఎండాకాలం. మైలవరంలో రైసుమిల్లు మేస్త్రీ పుల్లయ్య భార్య. అతను రోకలితో కొడితే మణికట్టు విరిగింది, నాటువైద్యంతో వంకరగా అతుక్కుంది. రెండు నెలలు సర్దిచెప్పి, పుల్లయ్య చేత సంతకం పెట్టించి, మాణిక్యాన్ని నేనే మైలవరం బస్సెక్కించాను. కొండపల్లిలో బస్సు ఆగినప్పుడు మంచినీళ్ళు తాగొస్తానని మూటతో సహా దిగింది. మంచినీళ్ళకి మూట ఎందుకని నాకు అనిపించకపోలేదు. సోడా బండి పక్కన నిలబడి కిటికీలోంచి నన్ను చూసింది. నేనూ చూశాను. బస్సు కదిలింది. కండక్టరు, "ఆ అమ్మాయి రావాలా అండీ?" అనడిగితే నా నోరు పెగల్లేదు. తర్వాతి ఊరు కొండూరులో దిగి, బెజవాడ వెళ్ళే బస్సెక్కి వెనక్కొచ్చాను. ఉద్యోగం పోతుందన్న భయంతో ఫైల్లో 'అప్పగించడమైనది' అని రాశాను. తాగని కాఫీకి సంతకం పెట్టింది ఆ ఒక్కసారే. పుల్లయ్య ఇవాళ వస్తాడు, రేపొస్తాడు అని ఏడాదిపాటు వణికాను. రాలేదు. పెళ్ళాం కావాలని మా ఆఫీసులో నేలమీద కూచుని ఏడ్చిన మనిషి ఒక్క ఉత్తరం ముక్కయినా రాయలేదు.

"అమలమ్మగారా?" అంది మాణిక్యం. లేచి నిలబడలేదు. "నన్ను తీసుకుపోడానికి వచ్చారా?"

"ఫ్యాను కాలిపోయింది" అన్నాను.

పకపకా నవ్వింది. ఆ రెండు నెలల్లో ఒక్కసారి కూడా ఆ నవ్వు నేను వినలేదు. స్టూలు లాగి కూచోమంది. కొండపల్లి నుంచి రైలెక్కి మళ్ళీ బెజవాడే వచ్చిందట. షాపు యజమాని వెంకటకృష్ణారావుగారు మొదట ఊడవడానికి పెట్టుకున్నారు. చూసి చూసి నేర్చుకుంది. ఆయనకి కళ్ళు ఆనకపోయేసరికి ఇప్పుడు పనంతా ఈమె చేతిమీదే. చెబుతూనే రాగితీగ చుడుతోంది. వంకర చేతివేళ్ళ మధ్య నుంచి తీగ బిగువు తప్పకుండా జారుతోంది. చుట్ట పూర్తయ్యాక ఇనుప గాడుల్లో కాగితం పరిచి, తీగని ఒక్కో పోగూ లోపలికి దించింది. వార్నిషు ఆరిన ఎవరిదో మోటారు ఒకటి తీసి మీట నొక్కింది. గిర్రున తిరిగింది. తిరిగితే పని అయినట్టు, తిరక్కపోతే కానట్టు. అంతే!

నాకు కడుపు మండిపోయింది. దాచుకోవడం ఎందుకు, పచ్చిగా కుళ్ళుకున్నాను. బాగుపడిన మనిషిని చూసి సంతోషించడం నా వృత్తి. ఇంకొకళ్ళని చూసి ఏడవకూడదని ఎంతమందికి చెప్పుంటాను! అలాంటిదాన్ని, నేను సర్దుకుపొమ్మంటే సర్దుకోని ఈ అయిదో క్లాసు చదివిన పిల్ల స్టూలు మీద మహారాణిలా కూచుని మగాళ్ళకి మంగళవారాలు చెబుతుంటే, నా మాట విన్న రెండువందలమందిలో ఒక్కళ్ళ నవ్వయినా నాకెందుకు గుర్తు లేదు? నేనెప్పుడు నవ్వానో ఆ మాటకొస్తే నాకే గుర్తు లేదు.

ఫ్యాను మంగళవారానికి ఇస్తానంది. నేను శుక్రవారం లోపే రెండుసార్లు వెళ్ళాను, రెక్క వంగిందనీ వైరు చాలదనీ సాకులు చెప్పి. నిజానికి ఆమెని చూడ్డానికి. ఆకలేసినప్పుడు డబ్బా తీసి తింటుంది. మా ఇంట్లో నేను చివర తింటాను, చేప తోక ముక్క నాది. ఆమె చేతులకి వార్నిషు మరకలు, నా చేతులకి పొలుసు వాసన. ఆమెవి పని చేసే చేతుల్లా ఉన్నాయి, నావి చాకిరీ చేసే చేతుల్లా ఉన్నాయి. తేడా ఏమిటని ఎవరైనా అడిగితే చెప్పలేను గానీ ఆ తేడాకే నేను ఏడ్చాను.

ఈలోగా ఇంట్లో సంబరం మొదలైంది. మా సెంటరు కమిటీ అధ్యక్షురాలు కనకవల్లిగారు నన్ను ఇన్‌చార్జిని చేస్తున్నారు. సోమవారం పదిగంటలకి కమిటీ హాల్లో శాలువా కప్పుతారు. ఆవిడ భర్త మా ఆయనకి పై ఆఫీసరు. "చూశావా, నీ సేవ ఊరికే పోలేదు" అన్నారు మా ఆయన, శాలువా తనకే కప్పినంత ఆనందంగా. "ఆ రోజు నా తెల్లచొక్కాకి గంజిపెట్టడం మర్చిపోకు" అని కూడా అన్నారు. అత్తగారైతే చర్చిలో అందరికీ చెప్పేశారు, "మా కోడలు రెండొందల కాపరాలు నిలబెట్టింది" అని.

శుక్రవారం దానమ్మ అనే పిల్లని గన్నవరం అవతల అప్పగించాను. వానలో తడుస్తూ వెళ్ళాం. ఆ తడిచీరతోనే దానమ్మ పొయ్యి దగ్గర కూచుని నాకు కాఫీ కలిపింది. గ్లాసు అందిస్తూ మెల్లగా, "మీకు కూడా ఇట్టాగే ఉంటదాండీ?" అనడిగింది. తాగేసి వచ్చాను. ఇంటికొచ్చేసరికి అత్తగారు, "ఊళ్ళోవాళ్ళ కొంపలు చక్కబెట్టావు, మన కొంపలో దీపం పెట్టే దిక్కులేదు" అన్నారు. తలైనా తుడుచుకోకుండా పొయ్యి ముందు కూచున్నాను. కూచున్నంతసేపూ నాకు మాణిక్యమే కళ్ళముందు. దానికి ఎందుకుండాలి ఆ బతుకు? నాకు లేనిది, దానమ్మకి లేనిది, దానికొక్కదానికే ఎందుకు?

శనివారం సెంటరులో మధ్యాహ్నం పోస్టుకార్డు తీసి రాశాను. 'శ్రీ పుల్లయ్య గారికి. మీ భార్య మాణిక్యం విజయవాడ వన్ టౌన్‌లో ఈ దిగువ చిరునామాలో ఉన్నది. వచ్చి తీసుకొని వెళ్ళవలసినది.' మైలవరం అడ్రసు ఫైల్లోంచి చూసి రాశాను. ఫైలు తప్పుంది, సరిదిద్దుతున్నాను, నా డ్యూటీ నేను చేస్తున్నాను అని నాకు నేను చెప్పుకున్నాను. కౌన్సెలింగు చేసేవాళ్ళకి ఏ పాపానికైనా మంచి మాట వెతకడం కష్టం కాదు.

పోస్టుడబ్బా దగ్గర కార్డు సగం లోపలికి పెట్టాను. అప్పుడు తట్టింది, పుల్లయ్య వస్తే ఆమెని మళ్ళీ బస్సెక్కించాల్సింది నేనే. ఆ విరిగిన చేత్తో ఆమె కలిపిన కాఫీ తాగాల్సింది నేనే. కార్డు వెనక్కి లాగి తిన్నగా వన్ టౌన్ వెళ్ళాను. దారిలో చింపెయ్యొచ్చు. చింపితే నాలోనే ఉండిపోతుందనిపించింది. తీసుకెళ్ళి మాణిక్యం చేతికిచ్చాను.

కూడబలుక్కుంటూ రెండుసార్లు చదివింది. మొహంలో నెత్తురు లేదు.

"ఎవరు రాశారండీ ఇది?"

"నేనే."

"నేను మీకేం చేశాను?"

"ఏం చెయ్యలేదు. నిన్ను చూసి ఓర్చుకోలేకపోయాను."

ఆమె చేతిలో తీగ పుటుక్కున తెగింది. అప్పటిదాకా చుట్టిందంతా పోయింది. దాన్ని పక్కన పడేసి నావైపు చూసింది.

"ఆరోజు బస్సులోంచి నన్ను చూశారు గదా. పిలవలేదు గదా. మీరే వదిలేశారనుకుని మూడేళ్ళుగా రోజూ మీకు దణ్ణం పెట్టుకుంటున్నానండీ."

ఆ దణ్ణం నాకు చెంపదెబ్బలా తగిలింది. "వదిలెయ్యలేదు మాణిక్యం. నోరు పెగల్లేదంతే. దిగింది నువ్వు. అందులో నా గొప్ప ఏమీ లేదు" అన్నాను. ఏడుపు ఆపుకోవడం నాకు అలవాటే గానీ ఆ రోజు చేతకాలేదు. ఏడుస్తూనే, సిగ్గు విడిచి అడిగాను. "నాకీ పని నేర్పుతావా?"

"ఈ కార్డు రాసిన చేత్తో చేస్తారా?"

"ఉన్నది ఈ చెయ్యే."

కార్డు మడిచి బొడ్లో దోపుకుంది. "ఇది నాకాడే ఉంటది. ఈరోజు మీరుంటే నాకు మళ్ళీ తీగ తెగుద్ది, వెళ్ళిపోండి. సోమవారం పదింటికి రండి. పదీ అయిదయితే అసలు రావద్దు. ఆర్నెల్లదాకా కొత్తతీగ మీ చేతికివ్వను, కాలిపోయింది పీకడమే" అంది.

ఆదివారం చర్చిలో పూజ అయ్యి ఇంటికొచ్చాక, తెల్లచొక్కాకి గంజిపెడుతూ మా ఆయనతో చెప్పాను. శాలువా వద్దు, సెంటరు మానేస్తున్నాను, మోటారు వైండింగు నేర్చుకుంటాను అని. మొదట నవ్వారు. తర్వాత కోపమొచ్చింది. "మోటార్లు చుట్టడానికా బి.ఏ. చదివింది? కనకవల్లిగారికి నేను మొహం ఎలా చూపించను?" అన్నారు. అత్తగారు జపమాల ఆపి, "దీనికేదో గాలి సోకింది" అన్నారు. నేను గంజిలో ముంచిన చొక్కా పిండుతూనే ఉన్నాను. చివరికి ఆయన గొంతు తగ్గించి, బుజ్జగిస్తున్నట్టుగా అన్నారు. "అమలా, పన్నెండేళ్ళు అందరికీ సర్దిచెప్పినదానివి, నీకు నువ్వు చెప్పుకోలేవా?"

"నాకే చెప్పుకున్నానండీ ఇన్నాళ్ళూ. పాపం, వాళ్ళు విన్నారు."

సోమవారం పదిగంటలకి, కమిటీ హాల్లో నా పేరు పిలిచే వేళకి, నేను వన్ టౌన్‌లో కాలిపోయిన మోటారు ముందేసుకుని మాడిన తీగ పీకుతున్నాను. గంటసేపట్లో రెండు వేళ్ళు తెగాయి. పక్క స్టూలు మీద మాణిక్యం నాతో ఒక్క మాటైనా మాట్లాడకుండా నాకంటే మూడింతలు వేగంగా పీకుతోంది, అది చూస్తుంటే నాకు ఒళ్ళు మండిపోతోంది, నేనూ గబగబా లాగుతున్నాను.